తడి జుట్టు ఆవిడ

దర్జీ ఆవిడ పొద్దున్నే లేచి చేసే మొదటి పని బేసిను పారబోయడం. వంటగది తలుపు పక్కన తడి జుట్టు ఆవిడ నిలబడి ఉంటుంది. ఆవిడ జుట్టు చివరల నుంచి రాత్రంతా కారిన నీళ్ళు ఆ బేసినులో చేరతాయి. ఆ నీళ్ళు పారబోసి, బేసిను మళ్ళీ అక్కడే పెట్టి, చుట్టూ నేల తుడిచాకే స్టవ్ వెలిగిస్తుంది. ఇదంతా తల వంచుకునే చేస్తుంది. ఆవిడ మొహం చూసే ధైర్యం ఇన్నేళ్ళలో ఒక్కనాడూ చేయలేదు.

కూతురికి మాత్రం భయం గియం లేవు. స్కూలు సంచి ఆవిడ చేతికి తగిలించి, "తడి అత్తా, జాగ్రత్తగా పట్టుకో, పుస్తకాలు తడిశాయంటే టీచర్ ఊరుకోదు" అని చెప్పి జడ వేయించుకోవడానికి కూర్చుంటుంది.

ఆ ఊళ్ళో ఇదేం వింత కాదు. చిన్నప్పుడు సినిమా చూస్తూ దడుచుకుని మధ్యలో లేచి వచ్చేసినవాళ్ళ వెంట, వాళ్ళని దడిపించింది ఇంటిదాకా వచ్చేస్తుంది. చివరిదాకా కూర్చున్నవాళ్ళకి ఏ బెడదా ఉండదు. అందుకే సినిమా హాలు గేటు దగ్గరి పెద్దాయన పిల్లల్ని మధ్యలో బయటికి వదలడు. ఏడ్చి మొత్తుకున్నా సరే, "కథ అయ్యాక పొండి" అంటాడు. సెలూన్ ఆయన దుకాణంలో తల లేని గుర్రం ఒకటుంది. తువ్వాళ్ళు దాని మీదే ఆరేస్తాడు. నిజానికి ఆ సినిమా ఆయన చూడనే లేదు. దడుచుకున్నది వాళ్ళ నాన్న. నాన్న పోయాక గుర్రం కొడుకు వంతుకి వచ్చింది. అంతే, ఇలాంటివి ఒకసారి ఇంట్లోకొస్తే తరాలు మారినా కదలవు.

దర్జీ ఆవిడ దడుచుకున్నప్పుడు ఆమెకి ఇప్పుడు కూతురికున్నంత వయసు. అన్నయ్య సినిమాకి తీసుకెళ్ళాడు. ఏటి ఒడ్డున ఒక ఇల్లు, ఇంట్లో ఒంటరిగా ఒక చిన్నపిల్ల, కిటికీ అవతల నీళ్ళలో మునిగి చనిపోయిన ఆడమనిషి. తడి జుట్టుతో వచ్చి, కిటికీలోంచి చెయ్యి చాపి రమ్మని పిలుస్తుంది. ఈమె కెవ్వుమంది. అన్నయ్య అరచేత్తో ఆమె కళ్ళు మూశాడు గానీ, వేళ్ళ సందుల్లోంచి అంతా కనబడుతూనే ఉంది. ఆమె కూర్చున్నచోటే గౌను తడుపుకుంది. వెనక వరసలో అన్నయ్య స్నేహితులు పగలబడి నవ్వారు. వాడికి తల కొట్టేసినట్టయింది. గేటు పెద్దాయన టీకి వెళ్ళిన సమయం చూసి చెల్లెల్ని పక్క తలుపులోంచి బయటికి లాక్కొచ్చాడు. వీధి మలుపు దాటకముందే వాళ్ళ వెనక తడి పాదాల గుర్తులు పడ్డాయి. ఇంటి దగ్గర అమ్మ ముగ్గురినీ చూసి, అన్నయ్యకి ఒకటి అంటించి, "కాళ్ళు తుడుచుకుని లోపలికి రమ్మను ఆవిణ్ణి" అంది.

అప్పటి నుంచి ఆమె తల రుద్దుకునేటప్పుడు కూడా కళ్ళు మూసుకోదు. సబ్బు నురుగు పడి కళ్ళు మంటలెత్తినా సరే. పెళ్ళిచూపులకి వచ్చిన ఆయన అడిగింది ఒక్కటే మాట: "ఆవిడ కూడా వస్తుందా?" వస్తుందన్నారు. "సరే, బేసిను నేను కొంటాను" అన్నాడు. అలా కుదిరింది పెళ్ళి.

ఒక మధ్యాహ్నం అన్నయ్య బస్సు డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. ఆమె మిషను మీద స్కూలు చొక్కాల కాలర్లు కుడుతోంది.

"హాలు పడగొడుతున్నారమ్మా. ఆఖరి వారం పాత సినిమాలు వేస్తున్నారు. రేపు మ్యాట్నీ మనది."

మనది అంటే ఏ సినిమానో ఆమె అడగలేదు. "నాకు కాలర్ల పనుంది."

"కాలర్లు ఎక్కడికీ పోవు. ఆ రీళ్ళు తుక్కులోకి పోతాయి. మళ్ళీ చూద్దామన్నా దొరకవు." అన్నయ్య గొంతు తగ్గించాడు. "నువ్వు చివరిదాకా చూడకపోతే నీ తర్వాత ఆవిడ నీ కూతురి వంతుకి వస్తుంది. చిన్నప్పుడు నేను సిగ్గుపడి నిన్ను లాక్కొచ్చాను. ఆ ఉసురు దానికి తగలకూడదే."

వంటగదిలో కూతురు స్టూలెక్కి, బొమ్మ దువ్వెనతో తడి జుట్టు చిక్కులు తీస్తోంది. దర్జీ ఆవిడ మిషను ఆపి అటే చూస్తూ ఉండిపోయింది. అదిప్పుడు భయపడదు, నిజమే. కానీ పెద్దదవుతుంది, నీళ్ళ చప్పుడుకి ఉలిక్కిపడటం అమ్మని చూసి నేర్చుకుంటుంది.

"సరే, రేపు రా" అంది.

మర్నాడు గేటు దగ్గర పెద్దాయన రెండే టికెట్లు చింపాడు. "ఆవిడకెందుకమ్మా టికెట్టు, సినిమావాళ్ళే కదా" అన్నాడు. తర్వాత మొహం గంభీరంగా పెట్టి, "నాకీ సినిమా పడదు. ఆఖర్న పిల్ల నీళ్ళలో పోతుంది. ఎన్ని ఆటలు చూసినా గుండె చెరువైపోతుంది. అయినా నువ్వు మాత్రం ఈసారి మధ్యలో లేవకు తల్లీ" అన్నాడు.

ఒక పక్క అన్నయ్య, ఇంకో పక్క తడి జుట్టు ఆవిడ కూర్చున్నారు. లైట్లు ఆరాయి. ఏరు, ఇల్లు, పిల్ల. కిటికీ దృశ్యం వచ్చింది. తెర మీద కిటికీ ఉంది, చీకటి ఉంది, చూస్తున్న పిల్ల ఉంది. కిటికీలో మాత్రం ఎవరూ లేరు.

ఎలా ఉంటారు? ఆవిడ ఇక్కడ కూర్చుని ఉంది.

వరద వచ్చింది. నీళ్ళు గడప దాటి, మంచం ముంచి, పిల్ల నడుము దాకా, మెడ దాకా వచ్చాయి. పిల్ల ఖాళీ కిటికీ వైపు చెయ్యి చాపింది. హాల్లో జనం అలవాటుగా చేతి రుమాళ్ళు తీసుకున్నారు. అప్పుడు అర్థమైంది దర్జీ ఆవిడకి. ఆనాడు ఆ చెయ్యి చాపింది నీళ్ళలోకి లాగడానికి కాదు. పైకి తీయడానికి.

పక్కన తడి జుట్టు ఆవిడ తెర వైపు వంగి, నిలువెల్లా వణికిపోతోంది. అయినా లేవడం లేదు. ఎందుకు లేవదూ అని కిందికి చూస్తే, ఆవిడ మణికట్టు తన గుప్పిట్లో ఉంది. ఎప్పుడు పట్టుకుందో తెలియదు. బహుశా ఆ పక్క తలుపులోంచి బయటికి వచ్చిన రోజే.

దర్జీ ఆవిడ మొదటిసారి తలెత్తి ఆ మొహం చూసింది. జ్వరం వచ్చిన బిడ్డ పక్కన నిద్ర లేకుండా కూర్చున్న తల్లి మొహంలా ఉంది. ఇన్నేళ్ళూ ఆట ఆటకీ అక్కడో పిల్ల మునిగిపోతుంటే, ఈవిణ్ణి వంటగది తలుపు పక్కన కట్టేసి ఉంచానని ఆమెకి తెలిసొచ్చింది. ఇంకోవైపు, వదిలేయాలంటే ప్రాణం ఒప్పలేదు. అమ్మ పోయిన రోజున కూడా ఇంట్లో కదలకుండా తోడున్నది ఈవిడే.

"తప్పయిపోయింది, వెళ్ళు" అంది ఎలాగో. "పిల్ల మునిగిపోతోంది."

గుప్పిట విప్పింది.

తడి జుట్టు ఆవిడ వరస మధ్యలోంచి నడిచింది. జనం కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు. తెర దగ్గర ఒక్క క్షణం ఆగి లోపలికి అడుగుపెట్టింది. కిటికీలోంచి చెయ్యి చాపి, పిల్లని రెక్క పట్టి పైకి లాగి, చంకనేసుకుని ఒడ్డుకి తీసుకుపోయింది.

హాల్లో చప్పుడు విని గేటు పెద్దాయన లోపలికి పరిగెత్తుకొచ్చాడు. తెర మీద ఒడ్డున దగ్గుతున్న పిల్లని చూశాడు. "పోలేదు, పోలేదురా" అంటూ నడవాలో కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అన్నయ్య అరచేతులతో మొహం కప్పుకున్నాడు, ఈసారి వేళ్ళ సందులు లేకుండా.

ఇంటికి రాగానే కూతురు ఎదురొచ్చింది. "తడి అత్త ఏది?"

"వాళ్ళింటికి వెళ్ళిందమ్మా. అక్కడ ఆవిడ కోసం ఒక పిల్ల ఎదురుచూస్తోంది."

"ఎంత పిల్ల?"

"నీ అంత."

కూతురు తలుపు పక్కన ఖాళీ చోటు చూసింది. పెదవి వణికింది గానీ ఏడవలేదు. "మరి నా సంచి ఎక్కడ తగిలించుకోను?"

వెంట వచ్చిన అన్నయ్య వంటగది తలుపు పక్కన గోడకి ఒక మేకు కొట్టాడు.

మర్నాడు పొద్దున దర్జీ ఆవిడ అలవాటుగా వెళ్ళి బేసిను ఎత్తింది. పొడిగా ఉంది. దాన్ని స్నానాల గదిలోకి తీసుకెళ్ళి, కుళాయి కింద నింపుకుంది. తల తడుపుకుని, సబ్బు రుద్దుకుని, మెల్లగా కళ్ళు మూసుకుంది. బయటి నుంచి కూతురు ఎంత పిలిచినా చాలాసేపు తెరవలేదు.