మేడ మీద నిలవని గీత

లిఫ్టు మెకానిక్కుకు కుదురు లేదన్న సంగతి కన్నతల్లి దగ్గర్నుంచి సూపర్‌వైజరు దాకా అందరూ ఒప్పుకున్నదే. టీ నిలబడి తాగుతాడు, పేపరు నడుస్తూ చదువుతాడు. అలాంటి మనిషికి నక్షత్రాల ఫోటోల పిచ్చి ఎలా పట్టుకుందో అతని భార్యకు ఇప్పటికీ అంతుపట్టదు.

టెలిస్కోపును ఆకాశంతో పాటు మోటారు తిప్పుతుంది. ఆ తిప్పడంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా చాలు, మూడు నిమిషాల పాటు తీసే ఫోటోలో నక్షత్రాలు చుక్కల్లా కాక బియ్యపు గింజల్లా సాగిపోతాయి. ఏడాదిగా అతనికి దక్కినవన్నీ బియ్యపు గింజలే. అందుకని ఈసారి టెలిస్కోపు వీపున ఇంకో బుల్లి టెలిస్కోపు, దానికో చిన్న కెమెరా బిగించాడు. అది ఒక్క నక్షత్రం మీదే కన్నేసి ఉంచుతుంది. నక్షత్రం రవ్వంత జరిగినా లాప్‌టాప్ మోటారును సరిదిద్దుతుంది. ఆటోగైడింగ్ అంటే అదే.

మోటారును కాస్త తోస్తే నక్షత్రం ఎంత జరుగుతుందో లాప్‌టాప్‌కు ముందుగా పాఠం చెప్పాలి. మొదటి సాయంత్రం ఇంటి మేడ మీద ధ్రువనక్షత్రం పక్కన మొదలుపెట్టాడు. నక్షత్రం చాలినంత కదల్లేదంటూ లాప్‌టాప్ మొరాయించింది. తీగలన్నీ పీకి మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే పాట. ధ్రువం దగ్గర అన్నీ మెల్లగా తిరుగుతాయనీ, ఆ పాఠం నడి ఆకాశంలో చెప్పాలనీ కెమెరాతో వచ్చిన పుస్తకం మొదటి పేజీలోనే ఉంది.

"చదవకుండానే బిగించారన్నమాట," అంది భార్య.

"చదివానే! రెండో పేజీ నుంచి."

మర్నాడు చీకటి పడగానే నడి ఆకాశానికి తిప్పాడు. ఈసారి పాఠం ఒంటబట్టింది. నక్షత్రం ఎంత జరుగుతోందో చూపిస్తూ తెర మీద ఎరుపు గీత, నీలం గీత బయల్దేరాయి. తిన్నగా సాగాల్సినవి రంపపు పళ్లలా ఎగిరిపడ్డాయి. గాలేమోనని అట్టపెట్టె అడ్డం పెట్టాడు. బరువు సరితూగలేదేమోనని తూకపు గుండును జరిపాడు. లాప్‌టాప్‌లో అంకెలు మార్చాడు, ఫలితం చూడకుండానే మళ్లీ మార్చాడు. మధ్యమధ్య కాలు కాలిన పిల్లిలా మేడంతా తిరిగాడు. ఆ వారం ఎమర్జెన్సీ డ్యూటీ కూడా అతనిదే. ఫోను ఎప్పుడు మోగుతుందో తెలీదు.

రోజంతా బట్టల కొట్లో నిలబడే భార్య కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చుంది. "కాస్త కూర్చోరాదూ?"

"ఎలా కూర్చోను? చూడు దాని గంతులు!"

ఫోను మోగనే మోగింది. రెండు వీధుల అవతల ఎవరో లిఫ్టులో ఇరుక్కున్నారు.

"పెద్ద కెమెరా వరసగా ఫోటోలు తీసుకుంటూ ఉంటుంది. ఏదీ ముట్టుకోకు," అంటూ మూడేసి మెట్లు దూకాడు.

ఇరుక్కున్నది ఒక టీచరమ్మ. "కంగారు పడకండమ్మా, వచ్చేశాను!" అని తలుపు సందులోంచి అరిచాడు.

"నాకేం కంగారు లేదు బాబూ. దిద్దాల్సిన పేపర్లున్నాయి. ఇక్కడ ప్రశాంతంగా ఉంది," అంది ఆవిడ లోపల్నుంచి.

చెమటలు అతనికే పట్టాయి. బ్రేకు వదిలి లిఫ్టును చేత్తో అంతస్తుకు చేర్చి తలుపు తెరిచేసరికి దాదాపు గంట. ఆవిడ ఇంకో పేపరు పూర్తిచేసి గానీ బయటికి రాలేదు.

పరుగున ఇంటికొచ్చి మేడ మెట్లెక్కాడు. భార్య చెయ్యి అడ్డం పెట్టింది. "అక్కడే ఆగండి. లాప్‌టాప్ చూడండి."

గీతలు రెండూ పారే కాలువలా తిన్నగా ఉన్నాయి.

"ఏం చేశావ్?"

"ఏమీ చెయ్యలేదు. మీరు వెళ్లారంతే. ఇప్పుడు రెండడుగులు వెయ్యండి."

వేశాడు. ఎరుపు గీత ఎగిరిపడింది. కాళ్లు ఎక్కడివక్కడే పాతుకుపోయాయి. తీగా కాదు, గాలీ కాదు. అతని అడుగులకే శ్లాబు అదురుతోంది. భార్య ఒక ఫోటో తెరిచి చూపించింది. నక్షత్రాలన్నీ ఆవగింజల్లా గుండ్రంగా ఉన్నాయి. సంతోషం ముంచుకొచ్చింది గానీ, దాని అడుగున ఏదో చివుక్కుమంది. ఏడాది పాటు తాపత్రయపడింది తను, ఫోటో కుదిరింది తను లేనప్పుడు.

"ఇంకా ఎంతసేపు తియ్యాలి?" అడిగింది భార్య.

"గంట."

పై మెట్టు మీద కూర్చున్నాడు. మోకాలు ఊగింది. చేత్తో అదిమాడు. రెండోది ఊగింది. అయిదు నిమిషాలకు చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు చెయ్యకుండా కిందికి దిగాడు. వీధి ఈ కొస నుంచి ఆ కొసకు పచార్లు మొదలుపెట్టాడు. ప్రతిసారీ ఇంటి ముందుకొచ్చి తలెత్తి చూశాడు. ప్రతిసారీ మేడ మీంచి ఆమె, అంతా బాగానే ఉంది నడవండి అన్నట్టు చెయ్యి ఊపింది.