కేశవ పెంచిన ఎర్రలు

మా అత్త కదిరమ్మకు నేనంటే పడదు. నాకూ ఆమె అంటే పడదు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. మా ఇద్దరి నడుమ నిలబడి అటు సగం ఇటు సగం మాటలు పడినవాడు మా ఆయన కేశవ. శివరాత్రి వెళ్లిన వారానికి ఆయన పోయాడు. ఇప్పుడు తాడిపత్రిలో ఈ మిద్దె ఇంట్లో మిగిలింది మేమిద్దరమూ, పెరట్లో మెట్ల కింద నీడన ఉన్న నీలం డ్రమ్ములూ.

ఆ డ్రమ్ముల్లో ఎర్రలు ఉండేవి. పుస్తకాల్లో వానపాములని రాస్తారు. మనం పారేసే తొక్కలూ పేడా తిని ఎరువు చేసే రకం.

ఆయన పెళ్లికి ముందు నుంచీ బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేశాడు. ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా తెల్లటి రాతి పొడే. అది ఊపిరితిత్తుల్లో పేరుకుని మెట్లెక్కలేని స్థితి వచ్చాక పని మానేసి ఇంట్లో కూర్చున్నాడు. ఊరికే కూర్చున్నవాడికి ఊర్లో బీడు పడిన చేను గుర్తుకొచ్చింది. శింగనమల దగ్గర మాకు కాస్త ఎర్రనేల ఉంది. చెనిక్కాయ పంటే వేసి వేసి, వాన కోసం చూసి చూసి వదిలేసిన నేల.

"ఆ మన్ను సచ్చిపోయిండాది హేమా. దానికి మళ్లా పానం పోయల్ల" అని ఒకరోజు ఊరికి బస్సెక్కి పోయాడు. అక్కడ ఎరువు తయారు చేసే లక్ష్మన్న అనే ఆయన దగ్గర ఎర్రలు అడిగి తడి గోనెసంచిలో తెచ్చాడు. బస్సులో దారి పొడవునా సంచిని ఒడిలో పెట్టుకున్నాడట. నన్ను ఏ బస్సులోనూ అంత జాగ్రత్తగా తీసుకుపోలేదు.

పాత ప్లాస్టిక్ డ్రమ్ములు సగానికి కోయించి, అడుగున చిల్లులు పెట్టి, బండముక్కల మీద నిలబెట్టాడు. చీమలు ఎక్కకుండా ఒక్కో బండముక్క కింద నీళ్ల పళ్లెం. లోపల తడిపిన కొబ్బరిపీచు, చింపిన అట్టపెట్టెలు, సగం ఆరిన పేడ. పచ్చి పేడ వేస్తే వేడెక్కి చస్తాయట. నేను ఉమాదేవక్క టిఫిన్ హోటల్లో కూరగాయలు తరిగే పనికి పోతాను కాబట్టి తొక్కలకు కొదవలేదు. ఉల్లిపాయ తొక్కలు వద్దు, నిమ్మచెక్కలు వద్దు, ఉప్పూ కారమూ నూనె తగిలింది ఏదీ అసలే వద్దు. అంత నాజూకు. తొక్కలను ఒక మూల గుంట తీసి పూడ్చి, పైన తడి గోనెపట్టా కప్పాలి. లోపలి మట్టి పిడికిట పట్టి పిండితే చెయ్యి తడవాలే గానీ నీళ్లు కారకూడదు. దగ్గుకూ దగ్గుకూ మధ్య ఆయన ఇవన్నీ నాకు నేర్పాడు. నేను సణుగుతూ నేర్చుకున్నాను.

చివరి రోజున మంచం పక్కన నేనూ అత్తా ఇద్దరం ఉన్నాం. ఊపిరి అందడం లేదు. ఏదో చెప్పాలని చూస్తున్నాడు. నేను చెవి దగ్గర పెట్టాను.

"డ్రమ్ములు ఎండనీయద్దు హేమా."

అంతే. నువ్వెట్లా బతుకుతావని అడగలేదు, అమ్మను చూసుకోమని చెప్పలేదు. చచ్చిపోయిన మనిషి మీద కోపం పెట్టుకోకూడదంటారు గానీ నేను పెట్టుకున్నాను. ఆ కోపంతోనే ఒక నిర్ణయం కూడా చేసుకున్నాను. ఆయన నన్ను అడిగింది అదొక్కటే కాబట్టి ఆ ఎర్రలను బతికించి తీరాలి. వాన పడ్డాక డ్రమ్ముల్లోని ఎరువుతో సహా తీసుకుపోయి ఆ చేన్లో వదలాలి. ఆయన చెయ్యి పెట్టినవాటిలో ఇంకా కదులుతున్నవి అవే.

ఎండలు ముదిరాయి. మా వీధికి నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడు బిందెల కోసం కొట్టుకునేవాళ్లం. తెచ్చిన నీళ్లలో ఒక చెంబు ఎర్రలకు పోస్తుంటే వీధిలో ఆడవాళ్లు నన్ను చూసి నోళ్లు నొక్కుకునేవాళ్లు. నొక్కుకోనీ అనుకున్నాను. పొద్దున గోనెపట్టాలు తడిపి హోటల్‌కు పోవడం, మధ్యాహ్నం తొక్కల సంచితో వచ్చి మళ్లీ తడపడం. పట్టా ఎత్తినప్పుడు వెలుతురు తగిలి అవన్నీ మెలికలు తిరుగుతూ లోపలికి దూరేవి. అప్పుడు మాత్రం ఇల్లు అంత ఖాళీగా అనిపించేది కాదు.

అత్త తిండి మానేసింది. పూర్తిగా కాదు. నేను పెడితే ఒక ముద్ద తిని పళ్లెం జరిపేసేది. "నా బిడ్డ పస్తుండగా నాకెట్లా దిగుతాది మే" అనేది. ఆమె బాధ కాకి గురించి. దినాల రోజు కాకి వచ్చి ముట్టిందని చుట్టాలన్నారు గానీ ఆమె కళ్లతో చూడలేదు. మొదటి మాసికానికి సంగటి, కోడికూర, తీపికి ఓళిగలు చేసి ఇస్తరాకులో మిద్దె మీద పెట్టాం. కాకి రాలేదు. ఈ ఎండకు, ఈ రాతి దుమ్ముకు కాకులు మా పక్కకు రావడం ఎప్పుడో తగ్గిపోయింది. పోయినవాళ్లకు పెట్టింది కాకి ముట్టకపోతే వాళ్లు ఆకలితో తిరుగుతున్నారని మా వాళ్ల నమ్మకం. అత్త కాలే మిద్దె మీద చెప్పుల్లేకుండా నిలబడి "కా, కా" అని పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకుంది.

"ఆవుకు పెడదాం అత్తా. ఆవుకు పెట్టినా చెల్లుతాదంట" అన్నాను.

"ఆవు తింటే ఆవుకే కడుపు నిండుతాది" అని ఆమె కిందికి దిగిపోయింది.

ఆ తర్వాత ఆమె మధ్యాహ్నాలు డ్రమ్ముల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. నీడ కోసమనుకున్నాను. ఒకసారి నేను తొక్కలు పూడుస్తుంటే మెడ చాచి చూసి అడిగింది.

"మొన్న ఏసిన బీరకాయ తొక్కలు యాడికి పోయినాయి మే?"

"తినేసినాయి అత్తా. ఏది పెట్టినా మూడు నాల్గు దినాల్లో మాయం చేస్తాయి."

ఎంత గర్వంగా చెప్పానో. ఆ వారం నుంచి సంగటి గిన్నె ఖాళీ అవుతూ వచ్చింది. నంజుకునే ఊరిబిండి పచ్చడి కూడా గిన్నెలో మిగిలేది కాదు. నేను లేనప్పుడు తింటోందనుకుని ఒక బరువు దిగినట్టయింది. అత్త కాస్త కోలుకుంది కూడా. ముఖం తేటపడింది, నన్ను తిట్టే ఓపిక తిరిగొచ్చింది.

డ్రమ్ములు మాత్రం పాడవుతూ వచ్చాయి. మొదట గోడ పక్క డ్రమ్ములో పుల్లటి వాసన. నీళ్లు ఎక్కువయ్యాయేమోనని పొడి అట్టముక్కలు కలిపాను. తగ్గలేదు. ఒక పొద్దున పట్టా ఎత్తితే ఎర్రలన్నీ పైకొచ్చి డ్రమ్ము అంచులకు అంటుకుని ఉన్నాయి. కొన్ని కింద పడి బండ మీద ఎండిపోయాయి. చీమలు లేవు, పళ్లెంలో నీళ్లున్నాయి. వేడేమో అనుకుని తడిపిన పాత చీరలు చుట్టూ కట్టాను. వారం తిరగకుండా ఆ డ్రమ్ములో కదలిక ఆగిపోయింది. లోపల చెయ్యి పెడితే జిగటగా ఏదో తగిలి కంపు కొట్టింది. తర్వాత నడిమి డ్రమ్ము మొదలైంది.

లక్ష్మన్నకు ఫోన్ చేశాను.

"పైకెక్కుతాండాయంటే లోపల ఏదో పడక పారిపోవల్లని చూస్తాండాయమ్మా. ఉప్పుదో నూనెదో ఏమన్నా పడిందేమో చూడు."

"మా ఇంట్లో అట్లాంటివి ఎవరేస్తారన్నా. ఉండేదే ఇద్దరం" అని విసుక్కుని ఫోన్ పెట్టేశాను.

మే నెలలో ఒకరోజు గ్యాస్ అయిపోయి ఉమాదేవక్క హోటల్ తొందరగా కట్టేసింది. ఇంటికొచ్చేసరికి ముందు తలుపు తీసే ఉంది. పెరట్లో అత్త గొంతు వినిపించింది. మెల్లగా, బుజ్జగిస్తున్నట్టు మాట్లాడుతోంది. వెళ్లి చూశాను.

చివరి డ్రమ్ము ముందు పీట వేసుకుని కూర్చుంది. ఒడిలో స్టీలు పళ్లెం. అందులో సంగటి, ముందు రోజు నేను చేసిన కోడికూర పులుసు, ఊరిబిండి. ముద్ద కలిపి, ఆయన నాకు నేర్పినట్టే మూలన గుంట తీసి అందులో పెట్టి పైన మట్టి కప్పింది. ఇంకో ముద్ద కలిపి తను తింది. మళ్లీ ఒకటి డ్రమ్ములోకి.

"కారం ఎక్కువైందా నాయనా? ఆ యమ్మకు చెయ్యి ఆగదు. రేపు నేనే నూరుతాలే."

నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏం చేస్తాండావు అత్తా?"

ఆమె ఉలిక్కిపడలేదు, దాచుకోలేదు. నన్ను చూసి నవ్వింది. పెళ్లైనప్పటి నుంచి ఆమె నన్ను చూసి అట్లా నవ్వడం నేనెరగను.

"తింటాండాడు మే. కాకి రాకపోతే పోయింది. ఈడ పెడితే మళ్లొచ్చి చూసేతలికి ఉండదు. ఒక్క మెతుకు ఉండదు. వాడు పెంచిన జీవాలే కదా. వీటి నోటితో తింటాండాడు నా బిడ్డ. వాడు తింటాండాడు కాబట్టే నాకూ ఇంత దిగుతాండాది."

నువ్వే చంపినావు అనే మాట నా నాలుక చివరికి వచ్చింది. ఆ ఉప్పుకు, ఆ కారానికి రెండు డ్రమ్ములు కుళ్లిపోయినాయి, నీ కొడుకు చివరగా అడిగిన ఒక్క కోరికనూ నీ చేత్తోనే పూడ్చినావు అని అరవాలనుకున్నాను. మా ఇద్దరికీ ఉన్న పాత లెక్కలకు ఆ ఒక్క మాట చాలు. ఆమె మళ్లీ లేవదు.

ఆమె మూతికి ఊరిబిండి అంటుకుని ఉంది. చిన్నపిల్లలా వేలితో తుడుచుకుని ఆ వేలు చప్పరించింది. లోపలికి పోయి తలుపు వేసుకున్నాను.

మరునాడు ఆమె స్నానానికి పోయినప్పుడు ఆ డ్రమ్ము తిరగేశాను. అడుగున, తిండి చేరని మూలన, దోసెడు ఎర్రలు ముద్దగా చుట్టుకుని ఉన్నాయి. కుండలో తడి పీచు వేసి, వాటిని అందులో పెట్టి, మట్టి మళ్లీ డ్రమ్ములో నింపి, కుండ మీద కొంగు కప్పి హోటల్‌కు తీసుకుపోయాను. ఉమాదేవక్క ఏమీ అడగకుండా నీళ్ల తొట్టి పక్కన చోటు చూపించింది. కూరగాయలు తరుగుతూ లేచి లేచి వెళ్లి చూసేదాన్ని. మొదట్లో కదిలాయి. ఎండ మరింత పెరిగింది. పీచు తడుపుతూనే ఉన్నాను. ఒక పొద్దున కుండలో ఉత్త తడి పీచే మిగిలింది. వేళ్లతో అడుగుదాకా వెతికాను. ఆ రోజంతా ఉల్లిపాయలు నేనే తరుగుతానని అడిగి తీసుకున్నాను. కళ్లు ఎందుకు కారుతున్నాయని అక్కడ ఎవరూ అడగరు.

ఇంటి దగ్గర డ్రమ్ములో ఇప్పుడు ఏమీ లేదు. పీచు, మట్టి. అత్త మాత్రం రోజూ పెడుతుంది. పెట్టింది అట్లాగే ఉంటే కొడుకు తినడం మానేశాడనుకుంటుంది. ఆమె కూడా మానేస్తుంది. అందుకని ఆమె లేవకముందే నేను పెరట్లోకి పోయి, మట్టి తవ్వి, ముద్దలు ఏరి గిన్నెలో వేసుకుని, పైన మట్టి సర్ది వస్తాను. ఆ గిన్నె వీధి చివర కుక్కలకు. గోళ్లలో ఇరుక్కున్న మట్టి హోటల్‌కు పోయేదాకా వదలదు. ఇది ఎన్నాళ్లో నాకు తెలీదు.

నిన్న మళ్లీ మాసికం. వాన ఊసే లేదు. అత్త ఓళిగలు కాల్చింది, కూర తనే వండింది. ఇస్తరాకు మిద్దె మీదికి తీసుకుపోలేదు. నేరుగా డ్రమ్ము దగ్గరికి తెచ్చి నన్ను పిలిచింది.

"ఈ పూట నువ్వు పెట్టు మే. ఇన్ని నెలల్లో ఒక్క తూరి నీ చేత్తో పెట్టింది లేదు. వాడు నీ కోసం చూస్తాంటాడు."

"నువ్వే పెట్టత్తా. నా చెయ్యి బాగలేదు."

"ఇంగా కోపమేనా వాని మీద?"

ఆ మాట ఆమె నోటి నుంచి వస్తుందనుకోలేదు. ఆ రోజు మంచం పక్కన ఆమె కూడా విన్నది కదా. నేను పీట మీద కూర్చున్నాను. ఓళిగ తుంచి, మూలన గుంట తీశాను. మట్టి చల్లగా ఉంది. ఆ మట్టిలో ఏమీ లేదని ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

"ఊరికే పెట్టద్దు. ఏమన్నా చెప్పు వానికి" అంది అత్త.

చెప్పాల్సింది ఒక్కటే ఉంది. నీ ఎర్రలు బతకలేదు, నావల్ల కాలేదు అని. అది ఆమె ముందు చెప్పలేను.

"తినప్పా" అన్నాను.

పైన మట్టి కప్పాను. అత్త తృప్తిగా తల ఊపి, ఇస్తరాకు ముందుకు లాక్కుని తినడం మొదలుపెట్టింది. కూర బాగా కుదిరిందని నాకూ ఒక ముద్ద కలిపి ఇచ్చింది. తిన్నాను. తెల్లవారకముందే లేచి, నా చేత్తో పెట్టింది నేనే తవ్వి తీయాలి.