హెడ్మాస్టరు కునుకు

మా బావ గుర్రానికి హెడ్మాస్టరు అని పేరు పెట్టింది నేనే. నాలుగో తరగతి దాకా నాకు చదువు చెప్పినాయన ముఖమే దానిదీ. అంత పొడుగూ, అంత విచారమూ, లెక్క తప్పు చేసినవాణ్ణి చూస్తున్నట్టు అదే చూపూ. పిండిమర దగ్గర బండిలో మూటలు ఎక్కించుకుని, వాలు రోడ్డు దిగి, రొట్టెల బట్టీకి చేర్చడం దాని పని. పక్కన నడవడం బావ పని. మూటల మీద కూర్చుని కబుర్లు చెప్పడం నా ఉద్యోగం. జీతం లేదు, సెలవూ లేదు. ఓసారి వాలులో బండి జారితే హెడ్మాస్టరు తోకను కరెంటు స్తంభానికి చుట్టి ఆపిందని బట్టీలో చెప్పాను. సగం మంది నమ్మారు. మిగతా సగం మంది తోక చూడటానికి బయటికొచ్చారు.

బావ ఇల్లు ఒకటే గది. దాన్ని ఆనుకుని గుర్రపు సాల. ఇంటికన్నా సాలే పెద్దది. నిన్ను కాక నీ గుర్రాన్ని చేసుకున్నా విశాలంగా ఉండేదాన్నని మా అక్క బతికున్నన్నాళ్లూ బావని దెప్పేది.

చలికాలం మొదట్లో మా మేనకోడలు మొగుడితో, చంటిపిల్లతో పుట్టింటికి వచ్చేసింది. రోడ్డు వెడల్పు చేయాలని వాళ్లు అద్దెకున్న ఇళ్ల వరస మొత్తం పడగొట్టారు. అల్లుడు వడ్రంగి. సాలకు మధ్యలో చెక్కలతో అడ్డం కట్టి, ఒక కిటికీ పెట్టి, ఇటువైపు సగం గది చేశాడు. అటువైపు సగంలోనే హెడ్మాస్టరు, గడ్డి, జీను, బండి సామాను. వెనక్కి తిరగాలంటే గుర్రం ముందుగా ఆలోచించుకోవాలి.

మొదట్లో అది పడుకునేది. లేవబోతే చోటు చాలక కాళ్లు చెక్కలకు తగిలి దబదబమనేవి. అవతల పిల్ల ఉలిక్కిపడి లేచి గుక్కపట్టేది. నిద్రలేక మేనకోడలి కళ్లు గుంటలు పడ్డాయి. బావ చూసి చూసి, ఒకరోజు గుర్రం పలుపు కురచచేసి తల వంచడానికి లేకుండా గోడమేకుకు ఎత్తుగా కట్టేశాడు. గడ్డి కూడా మూతికి అందేలా వలలో వేలాడదీశాడు. చప్పుడు ఆగింది. పిల్ల నిద్రపోయింది, తల్లీ నిద్రపోయింది. మరి మాస్టారి సంగతేమిటని నేనడిగాను.

"గుర్రాలు నిలబడే నిద్రపోతాయిరా," అన్నాడు బావ. "నీకు మూటల మీద కూర్చుంటే పట్టడంలా?"

అందరికీ తెలిసిన సంగతే కదా అని నేనూ ఊరుకున్నాను. అటువైపు నుంచి గడ్డి నమిలే చప్పుడూ, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ డెక్క ఆన్చే చప్పుడూ మాత్రం వినిపించేవి. పిల్ల వాటికి ఎంత అలవాటుపడిందంటే, మేనకోడలు జోలపాట మానేసింది.

చలి తగ్గేసరికి హెడ్మాస్టరు దణ్ణాలు పెట్టడం మొదలైంది. బట్టీ ముందు నిలబడే ఉండేది. తల మెల్లగా వాలి వాలి మూతి నేలకు ఆనేది, ముందుకాళ్లు మడతపడేవి. పడబోయి ఉలిక్కిపడి లేచేది. నేను ఊరుకుంటానా? శిష్యుడు ప్రయోజకుడయ్యాడని మాస్టారికి ఇన్నాళ్లకు తెలిసొచ్చిందనీ, అందుకే నాకు వంగి నమస్కారం పెడుతోందనీ చెప్పాను. బట్టీవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. దాని మోకాళ్ల మీద వెంట్రుకలు ఊడి పుండ్లు తేలాక ఎవరికీ నవ్వు రాలేదు. నాకూ ఆ కథ చెప్పబుద్ధి కాలేదు.

మూర్ఛరోగమేమోనని బావ పశువుల డాక్టరమ్మను పిలిపించాడు. ఆవిడ మోకాళ్లు చూసి, సాల చూపించమంది. పలుపును పట్టుకుని ఒకసారి లాగి చూసింది.

"దీనికి జబ్బేమీ లేదండీ. నిద్ర లేదు."

నిలబడి తీసేది ఉత్త కునుకేనట. ఒళ్లంతా వదులై పట్టే అసలు నిద్రకు గుర్రం పడుకోవాల్సిందేనట. రోజూ కాసేపైనా ఆ నిద్ర దొరక్కపోతే ఎక్కడ నిలబడితే అక్కడే ముంచుకొచ్చి మోకాళ్ల మీద కూలబడుతుందట. చెక్కల అవతల నుంచి మేనకోడలు గొంతు వినిపించింది.

"నాన్నా, పలుపు విప్పెయ్. పిల్ల ఏడిస్తే నేను ఎత్తుకుంటాను."

బావ విప్పాడు. హెడ్మాస్టరు తల దించి నేల వాసన చూసింది. మోకాళ్లు వంచబోయి, అటు గోడనీ ఇటు చెక్కల్నీ చూసి మళ్లీ నిలబడిపోయింది. పడుకుంటే ఇరుక్కుంటానని దానికి గుర్తుంది. ఆదివారం చెక్కలు పీకేస్తాననీ, అందరం మామగారి గదిలోనే సర్దుకుంటామనీ అల్లుడు అన్నాడు. అందాకా బండి కట్టొద్దని డాక్టరమ్మ చెప్పి వెళ్లింది.

బావ వెళ్లి బట్టీ యజమానిని ఆదివారం దాకా ఆగమని అడిగాడు. పిండి రాకపోతే మోటారు బండి మాట్లాడుకుంటానని ఆయన నిదానంగానే చెప్పాడు. మోటారు బండి ఒకసారి గుమ్మంలోకి వచ్చాక గుర్రపు బండిని మళ్లీ ఎవరు పిలుస్తారు? బావ సగం మూటలే వేసి బండి కట్టాడు. నా బరువు కూడా ఎందుకని నేనూ నడిచాను.

శనివారం వాలు మధ్యలో, నడుస్తూ నడుస్తూనే హెడ్మాస్టరుకు నిద్ర ముంచుకొచ్చింది. తల వాలింది, మోకాళ్లు మడతపడ్డాయి, వెనకనుంచి బండి మీదికి వచ్చింది. ముందుకాలు విరిగిన చప్పుడు నాకు ఇంకా వినిపిస్తూనే ఉంది.

డాక్టరమ్మ వచ్చి, చూసి, తల అడ్డంగా ఊపింది. ఒక సూది నిద్రకు, రెండోది ఆఖరిదని చెప్పింది. మొదటిది ఇచ్చాక దాని తల బావ ఒళ్లో బరువెక్కింది. చలికాలమంతా చాపని కాళ్లు నడిరోడ్డు మీద బారుగా చాపింది. పచ్చిక మేస్తున్నట్టు పెదవులు అదిరాయి. డాక్టరమ్మ రెండో సూది తీసింది. బావ ఆవిడ చేతిని మెల్లగా పట్టుకున్నాడు.

"కాసేపు పడుకోనివ్వండమ్మా."

ఆవిడ సూదిని పెట్టెలో పెట్టి, చిరిగిన పిండిమూట మీద కూర్చుంది. రోడ్డుకు రెండువైపులా బళ్లు ఆగిపోయి హారన్లు మోగుతున్నాయి. నేను వెళ్లాను. జనాన్ని ఆపడానికి జన్మంతా ఎన్ని కోతలు కోశానో. ఆరోజు ఒక్కటీ నోటికి రాలేదు. గుర్రం నిద్రపోతోందని మాత్రం చెప్పాను. ఒక్కొక్కరే ఇంజన్లు కట్టేశారు.

ఆదివారం అల్లుడు గునపం పట్టుకొచ్చి చెక్కల ముందు నిలబడ్డాడు. ఇప్పుడెందుకులే బాబూ అన్నాడు బావ. అవతల సగం ఖాళీగా ఉంది. మొన్న మధ్యాహ్నం నేను వెళ్లేసరికి పిల్ల ఎంతకీ పడుకోవడం లేదు. అడ్డం వైపు చెయ్యి చాపి రాగం తీస్తోంది. ఎంత జోకొట్టినా నాలుగు రోజులుగా ఇదే వరస అని మేనకోడలు కళ్లొత్తుకుంది.

బావ లేచి సాలలోకి వెళ్లాడు. హెడ్మాస్టరు లాడం ఒకటి తీసి, పలుపు మేకు దగ్గర నిలబడి, వంగి నేలకు ఆన్చాడు. కాసేపాగి ఇంకో పక్క ఆన్చాడు. నోట్లో ఎండుగడ్డి పరక పెట్టుకుని నమిలాడు. పిల్ల ఏడుపు ఆపి విన్నది. తర్వాత రెప్పలు వాల్చింది.

నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆయన కళ్లూ మూతలు పడుతున్నాయి.

"బావా, పిల్ల పడుకుందిగా. వచ్చి నువ్వూ కాస్త నడుం వాల్చు," అన్నాను.

"నేను నిలబడే పడుకుంటాలేరా," అన్నాడు, లాడం ఇంకోపక్క ఆన్చుతూ.