ఇంజను పలక

ఎల్లాజీ కట్టిన చెక్క పడవంటే జాలారిపేటలో ఒకప్పుడు ఎదురుమాట లేదు. అలాంటి మేస్త్రీకి ఆ ఏడాది చేతిలో పనే లేకుండా పోయింది. ఎక్కడ చూసినా ఫైబరు బోట్లే. ఫైబరు పేరెత్తితే చాలు, కంచం ముందునుంచి లేచిపోయేవాడు.

అటువంటివాడి గుమ్మంలోకే బావమరిది జగ్గారావు ఫైబరు బోటును ఈడ్పించుకొచ్చాడు, ఏం చెప్పమంటారు! పోర్టులో కలాసీ పని చేస్తూ వేలంలో పాడుకున్నాడు. పైన ఫైబరు పెచ్చు గట్టిగానే ఉంది. లోపల బలానికి వేసిన చెక్కంతా కుళ్ళింది. ఇంజను తగిలించే వెనక పలకలో ఉలి గుచ్చితే తడి రొట్టెలో దిగినట్టు దిగిపోయింది.

"లోపల సెక్క నువ్వెయ్యి బావా. పైన ఫైబరు అర్జునరావు ఏత్తాడు. ఇది నడిసిందంటే పాడైన బోట్లన్నీ నీ కాడికే వొత్తాయి," అన్నాడు జగ్గారావు.

ఆ మాటతో ఎల్లాజీకి ప్రాణం లేచొచ్చింది. ఈ బోటు నిలబడితే మళ్ళీ మేస్త్రీ. లేదంటే ఇంట్లో కూర్చుని భార్య ముసలమ్మ చేపలమ్మి తెచ్చింది తినడమే.

కుళ్ళంతా తవ్విపోశాడు. మద్ది చెక్క చిత్రిక పట్టి కొత్త పలక బిగించాడు. అక్కడితో ఊరుకుంటే ఎంత బాగుండేది! చెక్క పడవలు కట్టేవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. పలకలు బిగించాక తడి గోనెలు కప్పి పూటపూటా నీళ్ళు పోస్తారు. చెక్క నీళ్ళు తాగి ఉబ్బుతుంది, సందులు మూసుకుంటాయి. ఈ పలకకూ అదే చేశాడు. ముసలమ్మ వీధి కుళాయి నుంచి బిందెలకు బిందెలు మోసింది.

ఫైబరు అతికించే రెజిను మందు డబ్బాలతో వచ్చిన అర్జునరావు గోనె ఎత్తి చెయ్యి పెట్టి చూశాడు.

"తడి మీద మందు అంటుకోదు మేస్త్రీ. లోపలి నీరు బయటికి రాదు, సెక్క అందులోనే కుళ్ళిపోద్ది. ఎండనియ్యి, మళ్ళీ వొత్తాను."

"తడపకుండా పడవేటిరా, నీ మొకం! నువ్వు పుట్టకముందు నుంచీ కడతన్నాను. డబ్బాలు ఒగ్గీసి పో, నానే పూత్తాను."

అర్జునరావు దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఎల్లాజీ తువ్వాలుతో పలక తుడిచి, గాజునార పరిచి, మందు పూసేశాడు. డ్యూటీ దిగి వచ్చిన జగ్గారావుకు నిగనిగలాడే పలక కనబడింది గాని, జరిగిన గొడవ ఎవరూ చెప్పలేదు. మురిసిపోయి, కలాసీ పని మానేసి సొంతంగా వేటకు దిగాడు.

వానాకాలం, చలికాలం బోటు బాగానే తిరిగింది. ఎల్లాజీ మీసం మెలేసుకు తిరిగాడు. ఎండలు ముదిరాక ఓ పొద్దున యారాడ కొండకవతల పలక చాలామటుకు ఊడి, ఇంజనుతో సహా సముద్రంలో పడిపోయింది. జగ్గారావును వేరే బోటువాళ్ళు లాక్కొచ్చారు.

ఒడ్డున జనం మూగారు. ఎవరూ అడగకముందే ఎల్లాజీ నోరు లేచింది.

"రాయికెట్టి గుద్దీసుంటాడు ఎదవ! నా పలక ఊరికే ఊడతాదేటి?"

"రాయి నేదు బావా. నడి నీళ్ళలో ఊడిపోయినాది."

"అయితే నీ కళ్ళు నెత్తికెక్కినాయి!"

నలుగురూ నవ్వారు. జగ్గారావు తల దించుకున్నాడు.

మర్నాడు బోటును మళ్ళీ ఎల్లాజీ వాకిట్లోకే ఈడ్పించి, దానికి అంటుకుని మిగిలిన పలక ముక్క మీద పగలని మూల చూసి బావ ఉలి పెట్టి కొట్టాడు జగ్గారావు. పెచ్చు లేచింది. లోపల నల్లటి పిప్పి, దాంట్లోంచి బొట్లుబొట్లుగా నీళ్ళు. వేలితో అద్దుకుని నాలిక మీద రాసుకున్నాడు. ఉమ్మేశాడు.

"ఉప్పు నేదు బావా. కుళాయి నీళ్ళు."

గుమ్మంలో ముసలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తప్పు తనదేనని ఎల్లాజీకి అప్పుడే తెలిసిపోయింది, అందులో అనుమానం లేదు.

సరిగ్గా అప్పుడే దిగబడాలా పక్క వీధి కొండలరావు! అతనికీ ఒక ఫైబరు బోటుంది, దానికీ లోపల చెక్క కుళ్ళింది.

"ఏటి తేలినాది? రాయేనా? నా బోటు కూడా మేస్త్రీకే ఇద్దారనుకుంతన్నాను."

జగ్గారావు బావ వంక చూస్తూ నిలబడ్డాడు. తప్పు నాదేనని బావ ఒక్క మాట అంటే చాలు. ఇంజను పోతే పోయింది, నిన్న నలుగురిలో పోయిన తన పరువైనా తిరిగొస్తుంది.

ఎల్లాజీ కొండలరావు వైపు తిరిగాడు.

"రాయే," అన్నాడు.

"నానూ అదే అనుకున్నాను. రేపే బోటు తెప్పిత్తాను మేస్త్రీ," అని కొండలరావు వెళ్ళిపోయాడు.

జగ్గారావు ఉలికి అంటిన పిప్పి దులిపాడు. "ఎల్తన్నానప్పా," అని అక్క ముసలమ్మతో చెప్పాడు. చేతిలోని ఉలిని అరుగు మీద పెట్టాడు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఎల్లాజీని బావా అని తప్ప పిలిచి ఎరగని నోరది.

"మీ ఉలి ఇక్కడెట్టినాను, మేస్త్రీ గారూ."