తాళం వేసిన నవల

ప్రతినెలా ఒకటో తారీఖున అప్పలనరసింహం గారు గ్రంథాలయం గోడకున్న నల్లబల్ల మీద ‘ఈ నెల చదవదగ్గవి’ అని నాలుగు పుస్తకాల పేర్లు రాస్తారు. ఆ సముద్రం ఒడ్డు ఊళ్లో ముప్పయ్యేళ్లుగా, మందుచీటీ రాసే డాక్టరంత గంభీరంగా ఆ పని చేస్తున్నారు. ఎవరూ అడక్కపోయినా మానరు.

తిత్లీ తుపాను వెళ్లిన నెలకి బల్ల మీద నాలుగూ హాస్యకథలే. కొబ్బరిచెట్లు ఇంకా పడ్డచోటే ఉన్నాయి. పడవలు విరిగాయి, వలలు చిరిగాయి. ఇలాంటప్పుడు మనసు కుదుటపరిచే పుస్తకాలే చదవాలని ఆయన నమ్మకం.

వేటకెళ్లే గంగరాజు కూతురు అనిత ఎచ్చెర్లలో పీజీ చదువుతూ సెలవులకి వచ్చింది. తీసుకెళ్లిన నవల సగమే అయిందని, గడువు పొడిగించమని అడిగింది. అదేం నవలో ఆయనకి తెలుసు. సముద్రం ఊరి మీదికి వచ్చేస్తుంది. మిగిలినవాళ్లు మేడల మీద బతుకుతుంటారు. సముద్రం అన్న మాటే ఎవరూ పలకకూడదని అధికారులు ఆంక్ష పెడతారు. నిజానికి ఆయన నలభై పేజీలు దాటి చదవలేదు, భయం వేసింది. బైండింగుకి పంపాలని అబద్ధమాడి, దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, హాస్యకథలు ఆమె చేతిలో పెట్టారు.

నాలుగోరోజు అనిత ఆ పుస్తకం తెచ్చేసింది. నవ్వు రాలేదా అని అడిగారాయన. తనకి వచ్చిందనీ, నాన్నే వినలేదనీ చెప్పింది.

“తుపాను కాడ్నించి మా నాన్న వల ముట్టనేదు మాస్టారూ. నేను ఆ నవల పైకి సదువుతుంటే ఇంటా కుట్టడం మొదలెట్టినాడు. మీరు పుస్తకం ఉంచీసినారు కదా, వల ఒగ్గీసినాడు.”

వల లేకపోతే వేట లేదు, వేట లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అది తెలిసీ ఆయన పట్టు వదల్లేదు. బీరువా వైపు చూడకుండా, అలాంటి కథ దిగులు పెంచుతుందనీ, వాళ్ల మంచికే చెబుతున్నాననీ అన్నారు.

అనిత కోప్పడలేదు. “అందులో అధికారులూ అదే మాట సెప్తారండి” అంది. “పుస్తకాలన్నీ గదిలో ఎట్టి తాళం ఏసినాక.”

ఆయనకి చెంప ఛెళ్లుమన్నట్టయింది. నలభయ్యో పేజీ దగ్గర పారిపోయిన మనిషికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? సిగ్గుపడుతూ జేబులోంచి తాళంచెవి తీశారు.

ఆ సాయంత్రం తనూ వెళ్లి ఇసకలో వాళ్ల పక్కన చతికిలబడ్డారు. అనిత చదువుతోంది. గంగరాజు వంచిన తల ఎత్తకుండా ఒక్కో చిరుగే కుడుతున్నాడు. కథలో ఒక ముసలామె, చుట్టూ నీళ్లున్న మేడ మీద, తెల్లారగానే పొయ్యి రాజేసి గంజి కాచింది. గంగరాజు చెయ్యి ఆగింది.

“మనకి ఒక్క రేత్రి” అన్నాడు. “ఆల్లకి ఏళ్ల తరబడి. ఐనా గంజి కాసుకుంటన్నారు, సూడండి.”

అప్పలనరసింహం గారికి కళ్లు చెమర్చాయి. తుపాను రోజు మంచం కింద దూరి వణికిన సంగతి మొదటిసారి ఒకరికి చెప్పుకున్నారు. గంగరాజు నవ్వలేదు. తనూ వణికానన్నాడు.

పదిరోజుల్లో నవల అయింది, వలా అయింది. ఒకటో తారీఖున ఆయన బల్ల తుడిచి, ఆ నవల పేరు అన్నిటికంటే పైన రాస్తుంటే గంగరాజు గుమ్మంలో నిలబడ్డాడు.

“దీనికంటే గట్టిగా బయపెట్టేది ఏటైనా ఉన్నాదా మాస్టారూ?” అని అడిగాడు. “కుట్టాల్సినవి ఇంకా రెండు వలలున్నాయి.”