తెల్లమచ్చలు పడ్డ చేపలు

సన్నని గొట్టం ఒక కొస తొట్టి అడుగున గులకరాళ్ళలో గుచ్చి, రెండో కొస బకెట్లో వదిలి, ఇస్త్రీ అతను మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మందు కలిసిన నీలపు నీళ్ళు మురికితో సహా బుడబుడ దిగుతున్నాయి. లాండ్రీలో ఏళ్ళ తరబడి బరువైన పెట్టె తోసి తోసి అతని కుడిభుజం కాస్త కిందికి వాలిపోయింది. ముంజేతి మీద పాత కాలిన గుర్తులు. ఇంట్లో అతను తనకోసమని కోరి తెచ్చుకున్నది ఈ గాజుతొట్టి ఒక్కటే.

వెనక కుర్చీలో మామగారు. కంటి ఆపరేషన్ తర్వాత కూతురి దగ్గర కోలుకోవడానికి వచ్చాడు. ఈ పెళ్ళి ఆయనకు ఇష్టం లేనిది. ఇన్నేళ్ళలో "తిన్నావా", "వస్తాను" తప్ప అల్లుడి ముందు ఆయన నోట ముత్యాలు రాలలేదు. అలాంటాయన వస్తూ వస్తూ మనవరాలికని ఓ నారింజరంగు చేపను పట్టుకొచ్చాడు. వారం తిరక్కుండా తొట్టిలో చేపలన్నిటికీ ఒంటినిండా ఉప్పు చల్లినట్టు తెల్లమచ్చలు లేచాయి. మేత ముట్టకుండా రాళ్ళకేసి ఒళ్ళు రుద్దుకునేవి. "బతుకుతాయా నాన్నా?" అని పిల్ల రోజూ బడికి పోతూ అడిగేది.

అది చేపల చర్మంలో దూరే పురుగు. అక్కడున్నంతసేపూ మందుకు లొంగదు. అది రాలి అడుగున పెరిగాక, దాని పిల్లలు నీళ్ళలోకి ఈదుతూ వచ్చినప్పుడే మందుకు చస్తాయి. అందుకే అతను మందును పీల్చేసే బొగ్గును ఫిల్టరులోంచి తీసేసి, పురుగు త్వరగా రాలేలా నీళ్ళు మెల్లగా వెచ్చబెట్టాడు. మచ్చలు కనబడకుండా పోయాక కూడా మందు ఆపలేదు.

"నేను తెచ్చిన చేప వల్లే కదూ?" అన్నాడు మామగారు ఉన్నట్టుండి.

అవుననడానికి అతనికి నోరు రాలేదు. కాదంటే అబద్ధం.

"కొత్తచేపని కొన్నాళ్ళు విడిగా ఉంచాలండి మామయ్యగారూ. తెలిసుండీ నేనే కలిపేశాను. మీరు తెచ్చారన్న సంబరంలో."

"నీ సంబరం పాడుగాను" అని ఆయన మెల్లగా నవ్వాడు. అల్లుడి ముందు నవ్వడం అదే మొదలు.

ఆ రోజు లాండ్రీలో ఆవిరి మధ్య చొక్కాలు చకచకా మడతపడ్డాయి. "ఏంటన్నా, ఇవాళ ఈల వేస్తున్నావ్?" అంది పక్క బల్లావిడ. తను ఈల వేస్తున్నట్టు అతనికే తెలియదు.

సాయంత్రం వచ్చి, టార్చి వేసి ఒక్కో చేపనూ వెతికాడు. మచ్చ అన్నది లేదు. చిటికెడు మేత వేస్తే నారింజ చేపే అన్నిటికంటే ముందు పైకొచ్చి లాక్కుంది. గుండెల మీద కుంపటి దించినట్టయింది అతనికి. బొగ్గు మళ్ళీ ఫిల్టరులో పెట్టేశాడు.

మామగారు అప్పటికే సంచి సర్దుకున్నాడు. కన్ను బాగైంది, ఇక సొంతింటికి పోతానన్నాడు. బస్సు కదులుతుండగా కిటికీలోంచి తల బయటపెట్టి, "అల్లుడూ, ఈసారి చేపని తెస్తే విడిగా వెయ్యి" అన్నాడు.

"అలాగేనండి. త్వరగా రండి."

ఇంటికొచ్చేసరికి భార్య దండెం దగ్గర నిలబడి ఉంది. "నాన్న చొక్కా మరిచిపోయాడు. నువ్వు పనికెళ్ళాక మధ్యాహ్నం పూట ఆయన కూడా తొట్టి అడుగు శుభ్రం చేసేవాడు. నీకు చెప్పొద్దన్నాడు" అంది.

అతను చొక్కా అంచు పట్టుకుని చూశాడు. ఏ సబ్బుకీ వదలని మరక. తెల్లచొక్కా, కుడిచేయి మోచేతి దాకా నీలం.