చుట్టాల ఖాతా

మా అన్న వెంకోబరావు నా భార్య సౌభాగ్య కంప్యూటర్‌ను పాడుచేశాడు. పాడుచేసింది ఆమేనని నలుగురిలో చెప్పాడు.

సౌభాగ్య రాయచూరులో మా ఇంటి హాల్లో కూర్చుని బడులకు ప్రశ్నపత్రాలు టైపు చేసేది. కుక్కర్ పెట్టి ఒక పేజీ, పప్పు దించి ఇంకో పేజీ. ఎవరొచ్చినా లేచి కాఫీ పెట్టాలి. తిరిగొచ్చేసరికి ఆ కుర్చీలో వచ్చినవాళ్ళు ఉండేవాళ్ళు. దాన్ని పని అని ఎవరూ అనలేదు. "మరదలు ఆడుకుంటున్నదా?" అంటూ వచ్చేవాడు మా అన్న.

ఆమె అప్‌డేట్ వస్తే వాయిదా వేసేది కాదు. తెలియని మెయిల్‌లో వచ్చిన ఫైలు తెరిచేది కాదు. బయటి పెన్‌డ్రైవ్‌ను యాంటీవైరస్‌తో వెతికించనిదే వాడేది కాదు. శనివారం శనివారం అన్నీ ఇంకో డిస్కులోకి ఎక్కించి, దాని వైరు పీకి, బీరువాలో చీరల కింద పెట్టేది.

మా అన్న నవ్వేవాడు. "ఏందమ్మా, దీనిగ్గూడ మడి గట్టినవా?"

ఇంట్లో మడి అందరికంటే ఆయనకే ఎక్కువ. పట్టుపంచె కట్టాడంటే గోడకు అంటుకుని నడవాలి మేము. ఒక శుక్రవారం ఆమె వంటింట్లో ఉండగా, భజన మండలి వాళ్ళు దాసర పదాలు నింపిచ్చిన పెన్‌డ్రైవ్ తెచ్చి పెట్టాడు. యాంటీవైరస్ అడ్డుపడింది. "దేవుని పాటల్ల రోగమేంది" అని దాన్ని ఆపేసి, కనిపించినదల్లా నొక్కాడు. ఆమె వచ్చేసరికి ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. తెరుచుకోవాలంటే డబ్బు కట్టమని తెర మీద ఇంగ్లీషులో ఉంది. ఆమె ముందు ఇంటర్నెట్ వైరు పీకింది. డబ్బు కట్టలేదు. అంతా తుడిచేసి బీరువాలోని డిస్కు నుంచి పాతవి ఎక్కించుకుంది. ఆ వారం టైపు చేసినవి మాత్రం పోయాయి. బడివాళ్ళు ఆగలేదు. పని ఇంకొకరికి ఇచ్చారు.

తర్వాతి నెల మా అమ్మ తద్దినం. సౌభాగ్య తడి చీరతో వంటంతా చేసింది. ఆమె వడ్డిస్తుంటే మా అన్న పక్క విస్తరివాళ్ళతో అన్నాడు. "కంప్యూటర్ల ఏందేందో చూసి దానికి రోగం దెచ్చింది. బడోళ్ళు పని గుంజుకున్నరు. అమ్మా, జర సారు వెయ్యి."

ఆమె చారు వేసింది.

గరిటె పట్టుకుని అప్పుడు ఏమనుకుందో తర్వాత నాకు చెప్పింది. కోపం రాలేదట. నా చెయ్యి ఆయన విస్తరికి ఎక్కడ తగులుతుందోనని ఇంతమంది కనిపెట్టి చూస్తారు, ఆయన చెయ్యి నా పని మీద పడినప్పుడు చూసినవాళ్ళు ఒక్కరూ లేరు, మడి అంటే శుభ్రమని ఇన్నేళ్ళు అనుకున్నాను, కాదు, ఎవరు ఎక్కడ ఆగాలో చెప్పే అధికారం అది, దాన్ని నేనూ ఒకసారి వాడితే ఏమవుతుంది అనుకుందట. వెనక పంక్తికి చారు చాలుతుందా అని కూడా అప్పుడే చూసుకుందట.

అందరూ కునుకు తీస్తుండగా ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది. సాయంత్రం మా అన్న పాటలు పెట్టబోతే తెర మీద రెండు ఖాతాల పేర్లున్నాయి. సౌభాగ్య. చుట్టాలు.

"నీ పేరు నొక్కితే పాస్‌వర్డ్ అడుగుతున్నదేంది?"

"మీది రెండోది, బావగారూ. పాటలు వినొచ్చు. కొత్తది ఏదీ ఎక్కదు."

"ఇది నా తమ్ముని ఇల్లు."

"ఇల్లు ఆయనదే. నేను మడిల ఉంటే ఆయన గూడ నన్ను ముట్టుకోడు గద. ఇది గూడ గట్లనే."

మా అన్న నా వైపు తిరిగాడు. "నీకన్న చెప్పిందారా పాస్‌వర్డ్?"

నేను ఆమెను చూశాను.

"మీరు గూడ చుట్టాలేనండి," అంది. "ఆయన అడిగితే మీరు చెప్తరు."

తర్వాత వేరే బడులు వెతుక్కుంది. మస్కి ఊరి నుంచి కూడా పని వచ్చేది. చనిపోయేదాకా ఆ పాస్‌వర్డ్ నాకు చెప్పలేదు.

ఆమె కర్మలు ముగిసిన రోజు మా అన్న కంప్యూటర్ మీద చెయ్యి వేశాడు. "దుకాణంల ఇస్తే తెరుస్తరు. ఫోటోలుంటయి."

"ముట్టుకోకు."

"అంత రహస్యమేమున్నదిరా అండ్ల?"

"ఆమె పని ఉన్నది."

ఇంకేదో అనబోయాడు. నేను లేచి వీధి తలుపు తీసి పట్టుకున్నాను. వెళ్ళిపోయాడు.

ఈ సంగతి ఇక ఎవరడిగినా మాట్లాడను. ఆయనతో అసలు ఏ సంగతీ మాట్లాడను.